ఇద్దరి మధ్య 19 నిమిషాలు

"37 వారాల 4 రోజులకు అడ్మిట్ అవ్వండి, నొప్పులు తెప్పిద్దాం" అని డాక్టర్ గారు కేలెండర్ చూస్తూ అన్నప్పుడు నాకు గొంతులో తడి ఆరిపోయింది. కడుపులో ఇద్దరున్నారని తెలిసిన రోజు నుంచీ నా లెక్కలో రెండే దారులు. నొప్పులు వాటంతటవి వస్తే నార్మల్, రాకపోతే ఆపరేషన్. మందో, మరేదో పెట్టి నొప్పులు తెప్పించడం కవలలకు కూడా చేస్తారని నాకు తెలియనే తెలియదు.

"ఇంకో రెండు వారాలు ఆగితే వాటంతటవే వస్తాయేమో కదండీ?" అన్నాను. ఆవిడ నా ఫైలు వెనక్కి తిప్పి, 12వ వారంలో తీసిన స్కానింగ్ రిపోర్టు ముందు పెట్టారు. అందులో నేను అప్పటిదాకా పట్టించుకోని నాలుగు అక్షరాలున్నాయి: డీసీడీఏ. ఇద్దరికీ వేరువేరు మాయలు, వేరువేరు ఉమ్మనీటి సంచులు అని దానర్థం. రెండు సంచుల మధ్య పొర మాయను కలిసేచోట గ్రీకు అక్షరం లాంబ్డా ఆకారంలో కనిపిస్తే రెండు మాయలున్నట్టు, ఇంగ్లిష్ టీ అక్షరంలా కనిపిస్తే ఇద్దరికీ ఒకటే మాయ. దీన్ని మొదటి మూడు నెలల స్కానింగ్‌లోనే తేల్చాలి. తర్వాత ఆ గుర్తు చెరిగిపోతూ వస్తుంది.

కాన్పు ఎప్పుడన్నది ఆ ఒక్క గుర్తు మీదే ఆధారపడి ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఒకే మాయ పంచుకునే కవలలైతే 36 వారాల దగ్గరే బయటికి తెచ్చే ఆలోచన మొదలవుతుందట. ఒకే సంచిలో ఇద్దరూ ఉంటే ఇంకా ముందే, 32, 33 వారాలకే, అదీ ఆపరేషన్‌తో. మాలాగా రెండు మాయలైతే 37 నుంచి 38 వారాల మధ్య. "దాటితే ఏమవుతుంది?" అని అడిగాను. ఆవిడ మాటలు మెత్తగా తిప్పే మనిషి కాదు. "లోపల ఉంచితే ఉన్న ప్రమాదం, బయటికి తెస్తే ఉన్న ప్రమాదం – రెండూ తక్కెడలో వేస్తాం. 38 దగ్గరికి వచ్చేసరికి లోపలి పళ్లెం బరువెక్కడం మొదలవుతుంది" అన్నారు. 2016లో 35 వేలకు పైగా కవల గర్భాల లెక్కలు కలిపి చూసిన ఒక విశ్లేషణ కూడా ఇదే చెప్పిందన్నారు. కడుపులోనే గుండె ఆగిపోవడం గురించి మాట్లాడుతున్నారని అర్థమై నేను ఇంకేమీ అడగలేదు.

ఇంట్లో మాత్రం చర్చ ఆగలేదు. అమ్మ, అత్తయ్య ఏ విషయంలోనూ ఏకమవ్వని మనుషులు, ఈ ఒక్కదానికి ఒకటయ్యారు. "ఇద్దరు పిల్లలు, అందులో ఒకళ్లు అడ్డంగా ఉన్నారు. కోసి తీస్తే గంటలో అయిపోయేదానికి ఈ పాట్లెందుకే?" అని అమ్మ. అత్తయ్యదీ అదే మాట, కాకపోతే కొంచెం గట్టిగా. నిజం చెప్పాలంటే వాళ్లది చాదస్తమని నేను అనలేకపోయాను. కింది బిడ్డ తల కిందికే ఉంది. పై బిడ్డ అడ్డంగా, నా కుడి డొక్కలో తల పెట్టుకుని, ఎడమవైపు కాళ్లతో తన్నుతూ ఉండేది. అది అలాగే ఉంటే ఎలా?

తర్వాతి చెకప్‌కి మా ఆయనను వెంటబెట్టుకుని, ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. డాక్టర్ గారు ఒక్కటొక్కటిగా జవాబు చెప్పారు. నార్మల్‌కి ప్రయత్నించాలంటే ముఖ్యమైన షరతు, మొదట వచ్చే బిడ్డ తల కిందికి ఉండటం. రెండో బిడ్డ ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఎందుకంటే మొదటి బిడ్డ బయటికి రాగానే లోపల చోటు ఖాళీ అయి రెండో బిడ్డ ఎటైనా తిరగొచ్చు. తల కిందికి ఉన్నది కూడా అడ్డం తిరగొచ్చు. 2013లో 'ట్విన్ బర్త్ స్టడీ' అని ఒక పెద్ద పరిశోధన వచ్చిందట. 25 దేశాల్లో దాదాపు 2,800 మంది గర్భిణులను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ముందే అనుకుని సిజేరియన్, ఇంకో గుంపుకి నార్మల్ ప్రయత్నం. పిల్లలకు జరిగిన నష్టంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నాకు ధైర్యం వచ్చే లోపే ఆవిడే రెండో మాట చెప్పారు: నార్మల్ అనుకున్నవాళ్లలో 100కి 44 మందికి చివరికి ఆపరేషనే అయింది. 100కి నలుగురికి మొదటి బిడ్డ నార్మల్‌గా, రెండో బిడ్డ ఆపరేషన్‌తో పుట్టారు.

ఆ నలుగురి లెక్క విన్నాక మా ఆయన మొహం మారిపోయింది. కింద కుట్లు, పైన కుట్లు రెండూ అనుభవించాల్సిన పరిస్థితి అది. నేను కాగితం మీద లేని ప్రశ్న ఒకటి అడిగాను. "రెండో బిడ్డ అడ్డంగా ఉండిపోతే మీరే చేయి పెట్టి తీయగలరా, లేక అప్పుడు వేరేవాళ్లను పిలుస్తారా?" ఆవిడ నవ్వి, "నేనే తీస్తాను. నేర్చుకున్నాను, చేస్తూనే ఉన్నాను. ఆ రోజు నేను డ్యూటీలో లేకపోతే ఎవరుంటారో కూడా చెప్తాను, వాళ్లకీ వచ్చు" అన్నారు. నేను ఒప్పుకున్నది ఆ జవాబు విన్నాకే. ఆవిడ ఏమాత్రం నసిగినా నేను ఆపరేషన్ డేట్ రాయించుకుని వచ్చేసేదాన్ని, అందులో సిగ్గుపడాల్సింది కూడా ఏమీ లేదు.

అడ్మిట్ అయిన సాయంత్రం అయిదు గంటలకు మొదట స్కానింగ్. కింది బిడ్డ తల కిందికే. పై బిడ్డ అడ్డంగానే. బరువులు అంచనాగా ఒకటి రెండు కిలోల నాలుగు వందల గ్రాములు, రెండోది రెండు కిలోల రెండు వందలు. ఇద్దరి మధ్య తేడా ఎక్కువగా ఉంటే, ముఖ్యంగా పెద్దది పై బిడ్డయితే, ఆలోచించాల్సి వస్తుందట. మాకు అంత తేడా లేదు. చేతికి లావుపాటి సూది ఒకటి గుచ్చి, రక్తం తీసి, నా గ్రూపు రక్తం సిద్ధంగా ఉంచమని పంపారు. "అప్పుడే రక్తమెందుకండీ?" అంటే సిస్టర్ నా పొట్ట వైపు చూపించి, "ఇంత సాగిన సంచి అమ్మా, తర్వాత ముడుచుకోవడానికి బద్ధకిస్తుంది. అందుకని ముందుజాగ్రత్త" అంది. ఆ మాట మర్నాడు రాత్రి గుర్తొచ్చింది.

తర్వాత లోపలి పరీక్ష. గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, మెత్తగా ఉందా గట్టిగా ఉందా, ముందుకి ఉందా వెనక్కి ఉందా, బిడ్డ తల ఎంత కిందికి దిగింది – ఈ అయిదింటికీ మార్కులు వేసి కలిపితే వచ్చేది బిషప్ స్కోర్. మొత్తం 13కి నాకొచ్చినవి 3. చదువుకునే రోజుల్లో కూడా ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదని నేనంటే డ్యూటీ డాక్టరమ్మ నవ్వింది గానీ, 3 అంటే ద్వారం ఇంకా పచ్చిగా ఉన్నట్టే. పచ్చిగా ఉన్నప్పుడు సెలైన్‌లో నొప్పుల మందు పెడితే గంటల తరబడి నొప్పులు వస్తాయి, తలుపు మాత్రం తెరుచుకోదు. కాబట్టి ముందు దాన్ని మెత్తబరచాలి. నొప్పులు తెప్పించడమంటే ఒక ఇంజెక్షన్ ఇస్తే అయిపోయే పని అనుకుని వచ్చిన నాకు, మొదటి రాత్రంతా దీనికే పోతుందని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

మెత్తబరచడానికి జెల్ పెట్టొచ్చు, మాత్రలివ్వొచ్చు, బెలూన్ వేయొచ్చు. డాక్టర్ గారు బెలూన్ వైపు మొగ్గారు. ఇప్పటికే ఇద్దరితో సాగిపోయి ఉన్న గర్భసంచి మందుకి ఒక్కసారిగా రెచ్చిపోయి ఆగకుండా ముడుచుకుంటే పిల్లలకు ఊపిరాడదు, బెలూన్‌తో ఆ భయం తక్కువ, వద్దనుకుంటే నీళ్లు తీసేసి లాగేయొచ్చు అన్నది ఆవిడ లెక్క. ఈ బెలూన్ ఏదో పెద్ద పరికరం అనుకునేరు. మూత్రం కోసం వేసే ఫోలీ గొట్టమే. దాన్ని ద్వారంలోంచి లోపలికి తోసి, చివరనున్న బుడగలో 60 మిల్లీలీటర్ల నీళ్లు నింపి, బయటి కొసను కొంచెం బిగుతుగా తొడకి ప్లాస్టర్‌తో అతికిస్తారు. బుడగ లోపలినుంచి ద్వారం మీద ఒత్తుతూ ఉంటుంది. ఆ ఒత్తిడికి ద్వారం సాగడమే కాదు, దాన్ని మెత్తబరచే పదార్థాలు ఒంట్లోంచే ఊరతాయట. వేసేటప్పుడు రెండు నిమిషాలు పళ్లు బిగపట్టాను. తర్వాత నెలసరి మొదటి రోజులాంటి నొప్పి, నడుములో బరువు, అంతే.

ఆ రాత్రి నన్ను నిజంగా సతాయించింది బెలూన్ కాదు, పిల్లల గుండె చప్పుళ్లనీ నా నొప్పులనీ కాగితం మీద గీతలుగా గీసే సీటీజీ మెషీన్. పొట్ట మీద రెండు బెల్టులు గుండె చప్పుళ్లకి, ఒక బెల్టు నొప్పులకి. కింది బిడ్డ గుండె బొడ్డు కిందుగా ఎడమవైపు సులువుగానే దొరికేది. పై బిడ్డది దొరికినట్టే దొరికి జారిపోయేది. నేను పక్కకి ఒత్తిగిలితే గీత మాయం, దగ్గితే మాయం. సిస్టర్ వచ్చి జెల్లీ రాసి, గుండ్రటి బిళ్లను అటూ ఇటూ జరిపి పట్టుకునేది. ఆమె వెళ్లిన పావుగంటకి మళ్లీ టకటక శబ్దం ఆగిపోయేది. నేను మా ఆయన వైపు చూడటం, ఆయన బెల్లు వైపు పరుగెత్తడం.

అర్ధరాత్రి దాటాక రెండు గీతలూ చక్కగా పడుతున్నాయి, హమ్మయ్య అనుకుంటుండగా పెద్ద సిస్టర్ వచ్చి కాగితం చూసి కనుబొమలు ముడిచింది. "ఇవి రెండూ ఒక్కళ్లవే" అంది. రెండు గీతలూ ఒకే చోట ఎగసి, ఒకే చోట దిగుతున్నాయి. రెండు బిళ్లలూ ఒకే బిడ్డ గుండెను వింటున్నాయన్నమాట. ఇద్దరు వేరు మనుషుల గుండెలు అంత జోడుగా కొట్టుకోవు కదా. కవలల కాన్పులో జరగకూడని పొరపాట్లలో ఇదొకటి. ఒక బిడ్డ బాగుందని రెండుసార్లు విని, రెండో బిడ్డను అసలు వినకపోవడం. ఆమె చిన్న స్కానింగ్ మెషీన్ తెచ్చి పై బిడ్డ గుండె ఎక్కడుందో కళ్లతో చూసి, అక్కడ బిళ్ల పెట్టి, ఆ చోట పెన్నుతో నా పొట్ట మీద గుర్తు గీసింది. గీతలు ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం కాకుండా, ఒకదాన్ని కావాలనే 20 అంకెలు పైకి జరిపి గీసే మీట కూడా నొక్కింది. ఆ తర్వాత తన డ్యూటీ దిగేదాకా నా చేతి నాడి కూడా పట్టి చూసి రాసుకునేది, నా గుండెనే బిడ్డ గుండె అనుకునే ప్రమాదం కూడా ఉందట. ఆమె పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. ఆ రాత్రి నేను కళ్లు మూసుకున్న రెండు గంటలూ ఆమె చలవే.

తెల్లవారుజామున అయిదున్నరకి బాత్‌రూమ్‌లో గొట్టం జారి బయటికి వచ్చేసింది. నేను కంగారుపడి కేక వేస్తే సిస్టర్ నవ్వుతూ వచ్చింది. బెలూన్ దానంతటది పడిపోయిందంటే ద్వారం మూడు నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్నట్టు. దానికోసమే రాత్రంతా ఎదురుచూసింది.

ఎనిమిదింటికి డాక్టర్ గారు వచ్చి కింది బిడ్డ ఉమ్మనీటి సంచిని చిల్లు పెట్టారు. గోరువెచ్చటి నీళ్లు. పై బిడ్డ సంచి వేరే కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. "దాన్ని చివరిదాకా పదిలంగా ఉంచుకుందాం" అన్నారు, అది ఎందుకో రాత్రికి గానీ తెలియలేదు. కింది బిడ్డ నెత్తికి సన్నటి వైరు ఒకటి తగిలించారు. ఆ బిడ్డ గుండెను ఇక బెల్టుతో పట్టక్కర్లేదు, నేరుగా వినబడుతుంది. రెండు గుండెలు కలిసిపోతాయన్న బెంగ అక్కడితో తీరింది.

ఎనిమిదిన్నరకి నొప్పులు తెప్పించే మందు, ఆక్సిటోసిన్, మొదలుపెట్టారు. అర లీటరు సెలైన్‌లో 5 యూనిట్లు కలిపి, పంపు మీద గంటకు 12 మిల్లీలీటర్లు అని పెట్టారు. అరగంటకోసారి ఆ అంకె పెరిగేది: 24, 36, 48. నేను గోడగడియారం మానేసి ఆ పంపు అంకెనే చూస్తూ కూర్చున్నాను. 36 దగ్గర నుంచి నొప్పులకి అసలు రూపం వచ్చింది. నడుము నుంచి లేచి, పొట్ట చుట్టూ తిరిగి, తొడల్లోకి దిగి పోయేది. మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి ఉండేది. వ్యవధి ఉన్నంతసేపూ నేను మనిషినే.

నొప్పి తెలియకుండా వెన్నులో మందిచ్చే ఎపిడ్యూరల్ వద్దని ముందే రాసిచ్చాను. వెన్నులో సూది అంటే నాకున్న భయం అలాంటిది. మత్తు డాక్టర్ గారు వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నొప్పి ఓర్చుకోగలరో లేదో అని కాదమ్మా నేనడిగేది. రెండో బిడ్డను చేయి పెట్టి తీయాల్సి వస్తే, లేదా ఉన్నపళంగా ఆపరేషన్ చేయాల్సి వస్తే, అప్పుడు వెన్నులో మందు ఇవ్వడానికి టైమ్ ఉండకపోవచ్చు. పూర్తిగా మత్తిచ్చి పడుకోబెట్టాల్సి వస్తుంది. ఇప్పుడే గొట్టం పెట్టి ఉంచితే అందులోంచే మందు పెంచుకోవచ్చు" అన్నారు. ఈ ముక్క నాకు నెల ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఇంత మొండికేసేదాన్ని కాదు. పదిన్నరకి ఒప్పుకున్నాను. వీపు పిల్లిలా వంచి కదలకుండా కూర్చోమన్నారు. ఇద్దరితో నిండిన పొట్టతో వీపు వంచడం ఎలాగో చెప్పినవాళ్లు మాత్రం లేరు. సూది నొప్పి కంటే ఆ భంగిమే నరకం. అరగంటలో నొప్పులు దూరంగా ఎవరికో వస్తున్నట్టు అనిపించింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి అయిదు సెంటీమీటర్లు. అప్పుడే ఒక డ్యూటీ డాక్టర్ తలుపు దగ్గర నిలబడి పక్కనున్నామెతో, "ఇది చివరికి సిజేరియనే, ఊరికే టైమ్ వేస్ట్" అనడం నా చెవిన పడింది. నడుము కింద తిమ్మిరి ఎక్కినా చెవులు పనిచేస్తాయని వాళ్లకు తట్టదేమో. కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆయన వినలేదు, నేనూ చెప్పలేదు.

ఒంటిగంట నలభైకి నొప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కడం మొదలైంది. పది నిమిషాల్లో ఆరు. అయిదు దాటకూడదు. పై బిడ్డ గుండె 140 నుంచి 90కి జారింది. నేను ఆ అంకె చూస్తుండగానే ముగ్గురు లోపలికి వచ్చారు. ఒకరు పంపు ఆపేశారు, ఒకరు నన్ను ఎడమవైపు తిప్పారు, ఒకరు చేతికి గర్భసంచిని వదులు చేసే ఇంజెక్షన్ ఇచ్చారు. నా గుండె దడదడలాడింది, అది భయం వల్ల కాదు ఆ మందు వల్లేనని తర్వాత చెప్పారు. రెండూ అయ్యుంటాయి. మూడు నాలుగు నిమిషాల్లో 90 కాస్తా 120, 135. గదిలో ఎవరూ ఏమీ మాట్లాడలేదు, ఊపిరి వదిలిన చప్పుడు మాత్రం వినిపించింది.

రెండున్నరకి, అంతా కుదుటపడ్డాక, సగం మోతాదుతో పంపు మళ్లీ పెట్టారు. "ఇంకోసారి ఇలా అయితే ఆపరేషన్‌కి వెళ్దాం, ఒప్పుకుంటారా?" అని డాక్టర్ గారు అడిగారు. ఒప్పుకుంటానన్నాను. పంతం ఆ పాటికే పోయింది, ఇద్దరూ ఏడిస్తే చాలనిపించింది. నాలుగింటికి ఆరు సెంటీమీటర్లు. ఆ తర్వాత ఏమైందో గానీ, అయిదున్నరకి ఎనిమిది, ఏడింటికి పూర్తిగా తెరుచుకుంది. తెరుచుకోదన్న తలుపు చివరి మూడు గంటల్లో బార్లా తెరుచుకుంది.

అప్పుడు మంచంతో సహా నన్ను థియేటర్‌కి తోసుకెళ్లారు. ఆపరేషన్ చేస్తారేమో అనుకుని నేను ఏడుపు లంకించుకున్నాను. కవలల కాన్పు నార్మల్ అయినా థియేటర్‌లోనే చేస్తామని, ఏదైనా తేడా వస్తే నిమిషం కూడా పోకూడదని అప్పుడు చెప్పారు. లోపల 12 మందిని లెక్కపెట్టాను. డాక్టర్ గారు, ఆవిడ పక్కన ఇంకొకరు, మత్తు డాక్టర్ గారు, పిల్లల డాక్టర్లు ఇద్దరు, ఇద్దరికీ చెరో సిస్టర్, రెండు వెచ్చటి మంచాలు, పరికరాలు విప్పుతున్న మనిషి, గోడకానుకుని నా భర్త. ముందే చెప్పి ఉంటే ఆ గుంపును చూసి ధైర్యం వచ్చేది. చెప్పలేదు కాబట్టి భయం వేసింది. అంతటి డాక్టర్ గారి మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే.

ముక్కడం నలభై నిమిషాలు. తిమ్మిరి వల్ల నొప్పి ఎప్పుడొస్తుందో నాకు తెలిసేది కాదు. పొట్ట మీద చేయి వేసి సిస్టర్ "ఇప్పుడు" అంటే ముక్కడం, "ఆపు" అంటే ఆపడం. రాత్రి 8.04కి పాప. వచ్చీ రాగానే గుక్కపట్టి ఏడ్చింది. రెండు కిలోల నాలుగు వందల ఇరవై గ్రాములు. బొడ్డుతాడుకి ఒక క్లిప్పు పెట్టారు. రెండో బిడ్డ తాడుకి రెండు పెడతారు, ఏ మాయ ఎవరిదో తర్వాత తేల్చుకోవడానికి.

పాప నా గుండెల మీద అర నిమిషం ఉందో లేదో. ఆ ఏడుపు వింటూ అందరూ చప్పట్లు కొట్టకపోవడం నాకు వింతగా అనిపించింది. సినిమాల్లో అక్కడికి అయిపోతుంది. ఇక్కడ గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, ఎందుకంటే వాళ్ల అసలు పని అప్పుడు మొదలైంది. ఒక డాక్టర్ నా పొట్టకి రెండువైపులా అరచేతులు ఆనించి, పై బిడ్డ నిలువుగా తిరిగేలా అదిమి పట్టుకున్నారు. ఇంకొకరు స్కానింగ్ బిళ్ల పెట్టారు. "అడ్డం. వీపు పైకి." గుండె 130. ఫర్వాలేదు.

నొప్పులు ఆగిపోయాయి. మొదటి బిడ్డ బయటికి రాగానే గర్భసంచి అలా కాసేపు విశ్రాంతి తీసుకుంటుందట. పంపు అంకె పెంచారు. అయిదు నిమిషాలు. ఏడు. పైనుంచి తిప్పి చూశారు, తల కిందికి రాలేదు. పొట్టమీద ఆ చేతుల బరువు మాత్రం తెలుస్తోంది. ఎనిమిదో నిమిషంలో చిన్న నొప్పి. మత్తు డాక్టర్ గారు వెన్నులోని గొట్టంలో మందు పెంచారు. డాక్టర్ గారు నా మొహంలోకి చూసి, "కాలు పట్టుకుని తీస్తాను. ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియకూడదు. తెలిస్తే చెప్పండి" అన్నారు.

పొద్దున పై బిడ్డ సంచిని పదిలంగా ఉంచింది ఇందుకే. నీళ్లున్నంతసేపూ బిడ్డ లోపల తేలుతూ ఉంటుంది, చేతికి అనువుగా తిరుగుతుంది. నీళ్లు పోతే గర్భసంచి బిడ్డను బిగించి పట్టేస్తుంది. బొడ్డుతాడు ముందుగా జారే ప్రమాదం కూడా ఉంది. ఆవిడ మోచేతికి దగ్గరగా లోపలికి వెళ్లిన చేతిని నేను చూడలేదు, మా ఆయన చూశాడు. పొరలోంచే తడుముతూ మడమ కోసం వెతికారట. చేతికీ పాదానికీ తేడా మడమతోనే తెలుస్తుంది. "దొరికింది" అన్నారు. గుండె 100కి వచ్చింది. కాలు కిందికి లాగాక నీళ్లు పోయాయి. పిరుదులు, నడుము, ఒక భుజం, ఇంకో భుజం. "ఇప్పుడు ముక్కమ్మా, గట్టిగా, ఇక ఆపొద్దు." తల. 8.23.

బాబు ఏడవలేదు. తెల్లగా, జావలా ఉన్నాడు. పిల్లల డాక్టర్ తువ్వాలుతో వీపు రుద్దడం, మొహానికి చిన్న మాస్కు పెట్టి గాలి నొక్కడం నేను పక్కకి తిరిగి చూశాను. ఎంతసేపో నాకు తెలియదు. కాగితంలో అర నిమిషం అని ఉంది. తర్వాత పిల్లి కూనలాంటి మూలుగు, ఆ తర్వాత చెల్లుబాటయ్యే ఏడుపు. రెండు కిలోల నూట ఎనభై గ్రాములు.

సిస్టర్ ముందురోజు చెప్పిన మాట అప్పుడు నిజమైంది. రెండు మాయలూ పడ్డాక గర్భసంచి ముడుచుకోకుండా మెత్తగా ఉండిపోయింది. పొట్టను పిండి కలిపినట్టు పిసికారు, సెలైన్‌లో ఒక మందు, తొడకి ఒక ఇంజెక్షన్, రక్తం ఆగడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్. బట్టలు తూకం వేసి లెక్కకట్టారు, 900 మిల్లీలీటర్లు. నార్మల్ కాన్పులో 500 దాటితేనే ఎక్కువ కింద లెక్క. సిద్ధంగా ఉంచిన రక్తం ఎక్కించే అవసరం రాలేదు, మర్నాడు ఐరన్ ఎక్కించారు. రెండు రోజులు లేచి నిలబడితే గది తిరిగేది. బాబుని ఒక రోజు పిల్లల వార్డులో ఉంచి ఊపిరి, షుగర్ చూశారు. పాప నా పక్కనే ఉంది.

మా ఆయన ఇప్పటికీ ఆ ఇద్దరి మధ్య గంట పట్టిందంటాడు. నాకైతే అయిదు నిమిషాలు. మూడో రోజు డాక్టర్ గారిని సీటీజీ కాగితం ఒకసారి చూపించమని అడిగాను. మడతలు మడతలుగా ఉన్న ఆ పొడుగాటి కాగితం మీద నిమిషానికి ఒక సెంటీమీటరు చొప్పున ముందురోజు సాయంత్రం నుంచీ రెండు గీతలు పక్కపక్కనే నడిచాయి. 8.04 దగ్గర ఒకటి ఆగిపోయింది. రెండోది అక్కడి నుంచి ఒక్కతే, వణుకుతూ, ఒకచోట పల్లంలోకి దిగి మళ్లీ లేస్తూ, 19 సెంటీమీటర్లు నడిచింది. అది వేడికి అచ్చయ్యే కాగితం, కొన్నాళ్లకి గీతలు వెలిసిపోతాయట. ఫైల్లోంచి ఇవ్వడం కుదరదన్నారు. ఆ చివరి ముక్కని మాత్రం ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను.